పాముల బోనులకు తగిన చెట్టుకొమ్మలు



నేటి విషయము వినగానే కొందరికి నవ్వు రావచ్చును. బోనులో నుంచిన పామునకు ఎట్టి కొమ్మను వేయవలెను, ఎట్టి కొమ్మను వేయరాదు అనునదియే నేను చెప్పబోవునది. ఇంటిలో పాము కనబడినచో దానిని కొట్టుటకు కర్ర వెదకుట మన యలవాటు. పాము సుఖము కొరకు కర్ర వెదకుట వింతగానే తోచును. అయినను ఈ పని మన వరంగల్లు ప్రాంతమునందును, హైదరాబాదునందును జరుగుచునే యున్నది. దానికి కావలసిన తెలివి మాత్రము పట్టణమున కంటె పల్లెలోనే హెచ్చుగా నున్నది. అందుచేతనే ఈ మాటలు మీతో చెప్పదలచితిని. నేను పాములు పట్టువాడను కాను. చెట్లతో పరిచయము గలవాడను. బోనులకు కొమ్మల నేరి, ఆరబెట్టి, అమర్చు పనిలో కొంతకాలము చేయి కలిపినందున తెలిసినంతవరకు చెప్పెదను.

మొట్టమొదట ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. ఇంట పామును పెంచుకొనుడని నేను చెప్పుట లేదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ శాసనమును బట్టి మన అడవులలోను పొలములలోను తిరుగు పాములను పట్టుటకు గాని, చంపుటకు గాని, ఇంట నుంచుకొనుటకు గాని ఎవరికిని హక్కు లేదు. పట్టణములలో కొందరు ఆఫ్రికా మొదలగు విదేశముల నుండి వచ్చిన చిన్న కొండచిలువలను పెంచుచున్నారు. అట్టివారు 2024లో ఏర్పడిన నియమముల ననుసరించి ఆ జంతువును ప్రభుత్వమువద్ద నమోదు చేయించుకొనవలెను. ఇక మన పాములను న్యాయముగా కాపాడువారు జంతుప్రదర్శనశాలలవారును, అటవీశాఖ యనుమతితో గాయపడిన పాములను కొన్నాళ్లుంచి మరల అడవిలో విడుచు సంఘములవారును మాత్రమే.

హనుమకొండలో హంటరు రోడ్డున నున్న కాకతీయ జంతుప్రదర్శనశాలను మీలో చాలమంది చూచియుందురు. జనము దానిని వనవిజ్ఞాన కేంద్రమని వాడుదురు. హైదరాబాదున 1963లో ప్రజలకొరకు తెరచిన నెహ్రూ జంతుప్రదర్శనశాలయు, ఇండ్లలో దూరిన పాములను పట్టి అడవికి చేర్చు ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీయు మీరు వినినవే. ఇట్టి చోట్ల బోనులో మొదట కావలసినవి నీరు, వెచ్చదనము, చాటు, కొమ్మ. మొదటి మూడింటిని గూర్చి అందరును శ్రద్ధ తీసికొందురు. నాలుగవదానిని మాత్రము అలంకారమని తలచి, చేతికి దొరికినదానిని విరిచి లోపల పడవేయుదురు. అక్కడనే చిక్కు వచ్చును.

పూర్వము మనుష్యుడు పామును దగ్గర నుంచుకొన్న విధము మీ కెరుకయే. పాములవాని బుట్టలో ఎత్తు లేదు, వెలుగు లేదు, ఒరుసుకొనుటకు గరుకైన వస్తువు లేదు. కోరలు ఊడబెరికిన త్రాచు అందులో చుట్టుకొని పడియుండి, నాగులపంచమికి బలవంతముగా పాలు త్రాగింపబడి, కొలదికాలములోనే చచ్చుచుండెను. పాలు పామునకు ఆహారము కాదు. భక్తితో మనమిచ్చిన పాలే దానికి కీడు చేసెను. 1849లో లండను నగరమున ప్రజలు చూచుటకై మొదటి సరీసృపశాలను కట్టిరి. నాటినుండి నేటివరకు పాములను సాకువారు నేర్చుకొన్న పెద్దపాఠ మొక్కటే: పామును బ్రదికించుటకు తిండి పెట్టిన చాలదు, దాని దేహము కోరు చోటును గూడ కల్పింపవలెను. మన దేశమునందు 1992లో ఏర్పడిన కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థయు ఆ జంతువు స్వభావమునకు తగినట్లుగా బోను నేర్పరుపవలెనని కోరుచున్నది.

కొమ్మ పామున కెందుకు? మన దేహమువలె పాము దేహము తనకు కావలసిన వేడిని తాను పుట్టించుకొనలేదు. వెచ్చదనము కావలసినపుడు ఎండలోనికిని, చల్లదనము కావలసినపుడు నీడలోనికిని ప్రాకవలెను. బోనులో దీపము క్రింద వెచ్చగాను, మూల చల్లగాను ఉండును. ఈ రెండింటి నడుమ మెట్లుగా పనికివచ్చునది కొమ్మయే. రెండవది, కుబుసము. కుబుసము విడుచునపుడు పాము మొదట మూతిని గరుకైనదానికి రాచి పెదవులకడ పాతచర్మమును చీల్చుకొనును. పిమ్మట దానిలోనుండి మేజోడు తిరగవేసినట్లు వెలికివచ్చును. పామునకు కనురెప్పలు లేవు. కంటిపై స్వచ్ఛమైన పొర యొకటి యుండును. అదియు కుబుసముతో ఊడవలసినదే. గరుకైన బెరడు దొరకనిచో కుబుసము ముక్కలు ముక్కలుగా చినిగి, కంటిపొర నిలిచిపోయి, పాము చూపు చెడును. మూడవది, కండబలము. కదలక పడియున్న పాము బలహీనమై పోవును.

అన్ని పాములకును ఒకే విధమైన కొమ్మ పనికిరాదు. పొదలలో ఆకుపచ్చగా సన్నని తీగెవలె కనబడు పసిరికపామునకు పంగలు పెక్కు గల సన్నని కొమ్మలు, అడ్డముగా, ఆకులతోకూడ కావలెను. అది దినమంతయు కొమ్మలపైననే గడపి, ఆకులపై నిలిచిన నీటిబొట్లను త్రాగును. జెర్రిపోతు నేలపైనను చెట్టుపైనను సమానముగా తిరుగును. కొండచిలువ పిల్లగా నున్నపుడు సులభముగా చెట్టెక్కును. పది అడుగులు దాటి బరువెక్కిన పిదప తక్కువ ఎత్తున, లావైన కొమ్మ కావలెను. త్రాచు, కట్లపాము, రక్తపింజరి మొదలగువానికి ఎత్తైన కొమ్మకంటె నేలపై పడవేసిన దుంగయు, దాని తొర్రయు మేలు. ఏ పామునకైనను కొమ్మ లావు దాని దేహపు లావునకు సమానముగానో, కొంచెము హెచ్చుగానో ఉండవలెనని లెక్క. సన్నని కొమ్మపై లావైన పాము నిలువలేదు. దూలమువంటి దుంగను సన్నని పాము పట్టుకొనలేదు.

ఇక చెట్ల విషయము. ఇచ్చట ఒక ప్రశ్న వచ్చును. పాము మేకవలె బెరడు కొరకదు గదా, చెట్టు విషమైన నేమి? అని అడుగవచ్చును. పాము బెరడును కొరకదు, నిజమే. కాని రేయింబవళ్లు దేహమంతయు దానికి ఆనించి పడుకొనును. నాలుక చాపి గాలిలోని వాసనకణములను నోటిలోనికి తీసికొని లోకమును తెలిసికొనును. కొమ్మ క్రింద నీటితొట్టి యుండును. కొమ్మనుండి జారిన రసము అందులో పడును. పాము ఆ నీటినే త్రాగును, అందులోనే పడుకొనును. ఆహారమును పట్టునపుడు దానికంటిన బెరడుపెళ్లలును లోనికి పోవును. పైగా మూసిన పెట్టెలో గాలి కదలిక తక్కువ. ఆరుబయట వాసన గాలిలో కలిసిపోవును, పెట్టెలో నిలిచిపోవును.

అందుచేత మొదట విసర్జింపవలసినది గన్నేరు. ఎఱ్ఱగన్నేరైనను, పచ్చగన్నేరైనను వేరునుండి పూవువరకు గుండెను చెరచు విషమే. నున్నగా, నిటారుగా, పెరటిలో చేతికందునట్లుండును గనుక దానినే విరుచుటకు చేయి పోవును. రెండవది జిల్లేడును, జెముడు జాతులును. వీని పాలు కంటబడిన మనుష్యునకే చూపునకు ముప్పు, కనురెప్ప లేని పామునకు చెప్పవలెనా? మూడవది ముష్టిచెట్టు. దాని గింజలోను బెరడులోను ఉన్న చేదు ప్రాణాంతకము. నాలుగవది నల్లజీడి. బట్టలపై చెరగని గుర్తు పెట్టుటకు చాకలివారు వాడు జీడిరసము చర్మమునకు తగిలినచో పొక్కులు లేచునని మీకు తెలియును. మామిడి కూడ ఆ కుటుంబమునకు చెందినదే. దాని సొన పెదవికి తగిలిన పుండు పడుట చిన్ననాట అందరకు అనుభవమే. కనుక మామిడికొమ్మను సొన పూర్తిగా ఇంకి ఎండినగాని ముట్టరాదు. వేరొకటి దొరకునపుడు దాని జోలికి పోకుండుటయే మంచిది.

వాసనగల నూనె చెట్లు వేరొక తరగతి. దేవదారు చెక్కయు, సామానుల పెట్టెలకు వాడు పైను చెక్కయు పట్టణములో సులభముగా దొరకును. వీని పొట్టును బోనులో పరచుట గలదు. ఆ వాసన మనకు హాయిగా నుండవచ్చును. మూసిన బోనులోని పామునకు ఊపిరితిత్తుల బాధ తెచ్చును. మన ప్రాంతమున విరివిగా పెంచు జామాయిలు కొమ్మయు పచ్చిగా నున్నపుడు ఘాటైన నూనె వాసన గలది. దాని పుట్టినిల్లగు ఆస్ట్రేలియాలో పాములు దానిపైననే తిరుగుచున్నవి గదా యనుట నిజమే. కాని అడవిగాలి వేరు, అద్దాల పెట్టె వేరు. వేపయు అంతే. పురుగును తరుమునని మనము ధాన్యములో వేయు ఆకు అది. ఘాటు పోవునట్లు బాగుగా ఎండిన వేపకొమ్మనే తీసికొనవలెను గాని పచ్చిదానిని వేయరాదు.

అయితే మంచి కొమ్మ ఏది? నా మట్టుకు మొదట జామను చెప్పుదును. అది గట్టిది, తేలికగా విరగదు, పంగలు చక్కగా నుండును. తోటలవారు కత్తిరించి పారవేయునపుడు ఊరకనే దొరకును. బెరడు నున్నన యగుటచే కుబుసమునకు మాత్రము ప్రక్కన ఒక గరుకైన దుంగను వేయవలెను. చింతకొమ్మ బలమునకును గరుకుదనమునకును సాటిలేనిది; కొండచిలువ బరువును మోయగలది. నేరేడు మంచిది. నల్లతుమ్మ ముండ్లన్నిటిని మొదలంట కోసి నునుపుచేసినచో చాలకాలము నిలుచును. మఱ్ఱిఊడలు ప్రాకుటకు ఎంతయు తగినవి. అయితే కోసిన వెంటనే పాలుకారును గనుక, ఆ పాలు పూర్తిగా ఎండి గట్టిపడువరకు ఆగవలెను. వెదురు తేలికది, గట్టిది, కాని నున్నన, పాము జారును. దానికి కొబ్బరిపీచు త్రాడు దగ్గరగా చుట్టి, కోసిన అంచుల పదును పోవునట్లు రాచి వాడవలెను.

పనికిరాని మంచిచెట్టు ఒకటి యున్నది, అది మునగ. విషము లేదు, ముల్లు లేదు, లావుగా కనబడును. కాని ఒకరిని పొగడి ముప్పులో దించుటను మునగచెట్టెక్కించుట యని మనవారూరక అనలేదు. బరువు పడగానే ఫటుక్కున విరుగును. పామునకు చేతులు లేవు. ఎత్తునుండి పడినచో వెన్నెముకకే దెబ్బ తగులును.

చెట్టు మంచిదైనంత మాత్రమున కొమ్మ మంచిదని నమ్మరాదు. అది పెరిగిన చోటు చూడవలెను. మనది ప్రత్తియు మిరపయు పండు సీమ. ఎనుమాముల మార్కెట్టుకు పోవు ప్రత్తి యంతయు ఎన్నిమారులు మందుకొట్టిన చేలలో పండినదో మీరు లెక్క చెప్పగలరు. ఆ మందు చేనిలోనే నిలువదు. గాలికి కొట్టుకొనివచ్చి గట్టుమీది చింతపైనను తుమ్మపైనను పడి బెరడు పగుళ్లలో దాగును. పైకి కడిగిన పోవునది కొంత, లోనికి ఇంకినది కొంత. కనుక మందుకొట్టు చేల గట్లమీది కొమ్మను, మందుడబ్బాలు పారవేయు చోటి కొమ్మను, ఎడతెగక లారీలు పోవు దారి ప్రక్కల మసిపట్టిన కొమ్మను తీసికొనరాదు. ప్రత్తికట్టెను అసలే వాడరాదు. ఊరిలోని పాతపెరడులు, మందు ముట్టని తోటలు, చెరువుకట్టలు దీనికి తగినవి. పాకాల, ఏటూరునాగారము అభయారణ్యములలో కొమ్మ నరకుట నేరమని వేరుగ చెప్పనక్కరలేదు. రాలిపడిన పుల్లనైనను అక్కడినుండి అటవీశాఖ యనుమతి లేక తేరాదు.

కొమ్మ చేతికి వచ్చిన తరువాత తొందర పనికిరాదు. సన్నని కొమ్మను నెలకు తక్కువ కాకుండ, లావైనదానిని రెండు మూడు నెలలు, నేలకు తగులకుండ రాళ్లపై నెత్తి ఎండ బెట్టుదును. మన వేసవి ఎండ ఈ పనికి దేవుడిచ్చిన కొలిమి. ఆరినదో లేదో తెలిసికొనుటకు వడ్రంగి చూచు గుర్తులే చాలును: తట్టిన ఖణఖణ మ్రోగవలెను, కోసిన మొనలో సన్నని పగుళ్లు పడవలెను, గోటితో గీచిన లోపల పచ్చదనము కనబడరాదు, ఎత్తినపుడు మొదటికంటె బాగుగా తేలికపడి యుండవలెను. చెదలు పట్టినది, పుప్పిరాలునది, బూజెక్కినది, పుచ్చి మెత్తబడినది ఏ ధరకును వలదు. ఆపైన వదులు బెరడును గీకి, గట్టి కుంచెతో నీటిలో తోమి, చిన్న కొమ్మలను పెద్దకాగులో అరగంట ఉడికించి, పెద్దవానిపై సలసల కాగిన నీరు పలుమార్లు పోసి, మరల ఎండబెట్టవలెను. ఇందుచే పురుగులును వాని గ్రుడ్లును నశించును.

ఇచ్చట ముఖ్యమైన హెచ్చరిక యొకటి. శుభ్రమనగానే మనకు ఫినాయిలు గుర్తుకు వచ్చును. దాని జాతి మందులు పాములకు విషము. దానితో కడిగిన కొమ్మను ఎంత ఆరబెట్టినను నమ్మరాదు. కిరసనాయిలు, వార్నీషు, రంగు, కలరా ఉండలు అన్నియు అట్టివే. నీరు, నిప్పు, ఎండ, ఈ మూడే చాలును. ఒక బోనులోని కొమ్మను కడుగక మరియొక బోనులో వేయుటయు తప్పే. పొలుసుల నడుమ దూరి రక్తము పీల్చు నలుసంత పాముపేలు ఈ దారిననే ఒకదానినుండి మరియొకదానికి ప్రాకును.

తుదకు అమరిక. కొమ్మను గోడకు చేరవేసి విడువరాదు. రెండు చోట్ల ఆనునట్లు, లావైన మొదలు క్రిందికి వచ్చునట్లు నిలిపి మరమేకులతో బిగింపవలెను. మేకుమొనలు, తీగెకొసలు బయటికి పొడుచుకొనియుండరాదు. అంటుడు పట్టీలు చుట్టరాదు. అవి పొలుసులకంటుకొనినచో చర్మముతోకూడ ఊడును. పాము దూరి ఇరుకుకొనునంత సందు కొమ్మకును గోడకును నడుమ ఉండరాదు. వేడి దీపమునకు కొమ్మ చాల దగ్గరగా నుండరాదు. పాము దీపమును చుట్టుకొని కాలునంతవరకును తొలగదు. కనుక దీపము చుట్టును వలయు ఉండవలెను. కొమ్మకొస తలుపువైపు చూడరాదు. తలుపు తెరచు పనివాని ముఖమునకు ఎదురుగా త్రాచు తలయెత్తుట ఎవరికిని మేలు కాదు. అన్నియు అమర్చిన తరువాత పాము బరువునకు రెండింతలైన బరువును చేతితో మోపి ఊపి చూడవలెను. కదలినచో విప్పి మరల కట్టవలెను.

ఇంత శ్రమ ఒక పాముకొరకా యని మీరనవచ్చును. గాయపడి చేరిన జెర్రిపోతు కొన్ని వారములు బోనులో నుండి, కుబుసము చక్కగా విడిచి, కండబలము చెడక తిరిగి పొలము చేరినచో మన గాదెలలోని ఎలుకల పాలికి యముడగును. అదే పాము మందు పట్టిన కొమ్మమీద పడుకొని, మూతి పుండుపడి, చూపు మందగించి బయటికి వచ్చినచో కాపాడితిమను మాట మాటగానే మిగులును. బోను ఎంత పెద్దదైనను అడవి కాదు. బోనులో నుంచినన్నాళ్లు కొత్త కీడు చేయకుండుటయే మనము దానికి చేయగల న్యాయము.

ఇప్పుడు మీతో నాకు గల పనిని చెప్పెదను. నేడు పాములను కాపాడుటకు ముందుకు వచ్చు పడుచువారు ధైర్యవంతులు, చదివినవారు. ఏ పాము విషముగలదో, ఏది కాదో చూడగానే చెప్పగలరు. కాని నల్లజీడికిని మారేడుకును భేదము చెప్పుమనిన తెల్లబోవుదురు. మీరో, ఆకు లేని కాలమునగూడ బెరడును చూచి, వాసన చూచి, గొడ్డలి దెబ్బకు వచ్చు ధ్వనిని విని చెట్టు పేరు చెప్పగలవారు. ఏ గట్టుమీద ఏ యేట ఏ మందు కొట్టిరో గుర్తుంచుకొన్నవారు. ఈ తెలివి ఏ పాఠశాలలోను చెప్పబడుట లేదు, మీతోనే యున్నది. కనుక ఎవరైనను బోనులకు కొమ్మలకై మీ యూరికి వచ్చినచో పిచ్చివారని నవ్వి పంపక, వెంటనడచి, ఇది తగును, ఇది తగదు అని చెట్టుచెట్టునకు చెప్పుడు. మీ మనుమలను గూడ వెంట తీసికొనిపొండు.

ఇక పాము మీ ఇంటిలోనే కనబడినచో దానిని కొట్టక, పట్టుటకు స్వయముగా పూనుకొనక, దూరమునుండి కనిపెట్టి అటవీశాఖవారికి తెలుపుడు. కాటు పడినచో మంత్రములకు, కట్లకు, కోతలకు కాలము వ్యర్థముచేయక వెంటనే 108 బండిలో ఆసుపత్రికి చేర్చుడు.